హోటల్ బుకింగ్‌కి కంపెనీ డిస్కౌంట్ కోడ్ వాడుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో లాంగ్ వీకెండ్ దగ్గర పడుతోందంటే చాలు, "ఎవరి దగ్గరైనా హోటల్ కార్పొరేట్ కోడ్ ఉందా?" అని ఒక మెసేజ్ వస్తుంది, కాసేపట్లో ఎవరో ఒకరు కోడ్ పెట్టేస్తారు. హైదరాబాద్, బెంగళూరు ఐటీ గ్రూపుల్లోనూ ఇదే తంతు. పెట్టినవాళ్లకి సాయం చేశామని ఉంటుంది, వాడుకున్నవాళ్లకి నాలుగు డబ్బులు మిగిలాయని ఉంటుంది. ఆ కోడ్ వెనక ఉన్న ఒప్పందం సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

అసలు ఈ కార్పొరేట్ కోడ్ అంటే ఏంటి?

ఒక కంపెనీ హోటల్ దగ్గరికి వెళ్లి, మా ఉద్యోగులు ఏడాదికి మీ దగ్గర ఇన్ని రాత్రులు ఉంటారు, మాకు రేటు తగ్గించండి అని మాట్లాడుకుంటుంది. పెద్ద కంపెనీల బేరాలు ఎక్కువగా ఏడాది చివరి నెలల్లో జరిగి, కొత్త రేట్లు జనవరి నుంచి అమల్లోకి వస్తాయి. కొన్ని ఒప్పందాల్లో ఫలానా హోటల్‌లో ఫలానా గదికి ఏడాదంతా ఒకటే రేటు ఉంటుంది. కొన్నింటిలో ఆ గొలుసు (చైన్) హోటళ్లన్నింట్లో ఆ రోజు రేటు మీద ఇంత శాతం తగ్గింపు ఉంటుంది. ఆ ఒప్పందాన్ని బుకింగ్ సిస్టమ్ గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరో, అక్షరాలో ఈ కోడ్. మారియట్ సైట్‌లో కార్పొరేట్/ప్రోమో కోడ్ అనీ, హిల్టన్‌లో కార్పొరేట్ అకౌంట్ అనీ, ఐహెచ్‌జీలో కార్పొరేట్ ఐడీ అనీ దీనికో గడి ఉంటుంది.

ఆ గడిలో కోడ్ కొట్టేది ఎవరో చాలా సైట్లు చూడవు. మీరు ఆ కంపెనీ మనిషా కాదా అని అడగకుండానే రేటు చూపిస్తాయి. కొన్ని కోడ్లు కంపెనీ పేరులోని అక్షరాలే కాబట్టి ఊహించి కొట్టినా పనిచేస్తాయి. సైట్ ఒప్పుకుంది కదా, మనకి అర్హత ఉన్నట్టే అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. సైట్ చూసింది కోడ్‌ని, మిమ్మల్ని కాదు. మిమ్మల్ని చూసేది చెక్-ఇన్ దగ్గర.

కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చేసింది. ఇంకేం సమస్య?

ఆ మెయిల్‌లో కిందికి వెళ్లి రేట్ డీటెయిల్స్ అని ఉన్న భాగం ఒకసారి చదవండి. ఈ రేటు ఫలానా కంపెనీ ఉద్యోగులకి మాత్రమే, చెక్-ఇన్ అప్పుడు గుర్తింపు చూపాలి, చూపకపోతే ఆ రోజు అందరికీ ఉన్న రేటు పడుతుంది అన్న అర్థంలో ఒక వాక్యం చాలాసార్లు ఉంటుంది. బుక్ చేసేటప్పుడు ఆ షరతుకి మీరు ఒప్పుకున్నట్టే లెక్క.

ఉదాహరణకి కోడ్‌తో మీకు రాత్రికి 139 డాలర్లు పడిందనుకోండి, మామూలు రేటు 289. మూడు రాత్రులకి తేడా 450 డాలర్లు, దాని మీద టాక్సు వేరే. నయాగరా చూసి, పిల్లలు కారులోనే నిద్రపోయి, రాత్రి పదకొండింటికి మీరు డెస్క్ ముందు నిలబడినప్పుడు ఆ తేడా కట్టమంటే కట్టాల్సిందే. ఆ టైముకి చుట్టుపక్కల వేరే గది దొరకదు, దొరికినా అంతకంటే ఎక్కువే అవుతుంది. కొన్ని హోటళ్లు రేటు మార్చడంతో సరిపెడతాయి, కొన్ని బుకింగే చెల్లదంటాయి. తర్వాత క్రెడిట్ కార్డు కంపెనీకి ఫోన్ చేసి డిస్ప్యూట్ వేద్దామంటే, హోటల్ వాళ్లు ఆ షరతు ఉన్న కాగితం పంపిస్తారు, మీ వాదన అక్కడితో ఆగిపోతుంది.

నిజంగా ఐడీ అడుగుతారా? ఎవరూ అడగరంటున్నారే!

చాలాసార్లు అడగరు, అది నిజమే. దాన్ని దాచి మిమ్మల్ని భయపెట్టడం నాకు ఇష్టం లేదు. కానీ ఎప్పుడు అడుగుతారో చూడండి. హోటల్ నిండిపోయిన రోజు అడుగుతారు, ఎందుకంటే మీ గదిని పూర్తి రేటుకి అమ్ముకునే అవకాశం వాళ్ల కళ్ల ముందే ఉంటుంది. కోడ్ రేటుకీ ఆ రోజు రేటుకీ మధ్య తేడా బాగా ఎక్కువున్నప్పుడు అడుగుతారు. ఒకే కోడ్ మీద ఒకే వీకెండ్‌లో పిల్లాపాపలతో నాలుగు కుటుంబాలు దిగితే అడుగుతారు. అంటే పండగ సెలవులు, కాలేజీ గ్రాడ్యుయేషన్లు, పెద్ద మ్యాచ్‌లు, సరిగ్గా మీకు గది తప్పనిసరిగా కావాల్సిన రోజులే.

మన దేశంలో అయితే గచ్చిబౌలి, హైటెక్ సిటీ లాంటి చోట్ల బిజినెస్ హోటళ్లలో ఆధార్‌తో పాటు విజిటింగ్ కార్డో, ఆఫీసు ఐడీ కార్డో అడగడం మామూలే. ఆఫీసు మెయిల్ నుంచి బుక్ చేస్తేనే ఆ రేటు ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

ఇంకో మాట. అమెరికాలో పెద్ద బ్రాండ్ బోర్డు ఉన్న హోటళ్లలో చాలావరకు ఆ బ్రాండ్‌వి కావు, ఫ్రాంచైజీ తీసుకున్న ఓనర్లవి. అక్కడి హోటళ్లలో దాదాపు 60 శాతం తమ సభ్యులవేనని భారతీయ సంతతి ఓనర్ల సంఘం ఆహోవా చెబుతుంది. "మనవాళ్లదే కదా, చూసీచూడనట్టు ఊరుకుంటార్లే" అని కొందరు ధైర్యం చెబుతుంటారు. నిజానికి ఓనర్ సొంత లోను, సొంత జీతాల లెక్కలతో నడిపే చోట ఒక్కో గది రేటు మీదా కన్ను ఎక్కువ ఉంటుంది. ఆ తగ్గింపు పోయేది కూడా వాళ్ల జేబులోంచే.

నేను ఆ కంపెనీ ఉద్యోగినే. సొంత టూర్‌కి వాడుకోవచ్చా?

కంపెనీని బట్టి ఉంటుంది. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని అయితే సొంత ప్రయాణాలకి వేరే కోడ్ ఇస్తాయి. కొన్ని మాత్రం ఆఫీసు పనికి తప్ప వాడొద్దని ట్రావెల్ పాలసీలో రాసి పెడతాయి. పక్క సీటు వాళ్లు వాడుతున్నారని కాకుండా, ఇంట్రానెట్‌లో ఆ పాలసీ తెరిచి వ్యక్తిగత ప్రయాణం గురించి ఏం రాశారో చూడండి. అక్కడ ఏమీ లేకపోతే ట్రావెల్ డెస్క్‌కి ఒక మెయిల్ పెట్టండి. వాళ్ల జవాబు మెయిల్‌లో ఉంటే మీకు టెన్షన్ ఉండదు.

మన దేశంలో బీటీసీతో జాగ్రత్త. అంటే బిల్లు నేరుగా కంపెనీకి వెళ్లే ఏర్పాటు. కొన్ని హోటళ్లలో ఆ కంపెనీ కోడ్ మీద బుకింగ్ రాగానే దాన్ని బీటీసీ కింద వేసేసుకుంటారు. మీరు కుటుంబంతో వైజాగ్‌లో రెండు రోజులు ఉండి, డబ్బు కట్టబోతే "అవసరం లేదు సార్, కంపెనీకి వెళ్తుంది" అన్నారంటే సంతోషించకండి. అక్కడే ఆపించి, మీ కార్డుతో కట్టి, మీ పేరు మీద బిల్లు తీసుకుని బయటికి రండి. మీ సొంత ప్రయాణం ఖర్చు కంపెనీ లెక్కలోకి వెళ్లాక అది పొరపాటని ఒప్పించడం చాలా కష్టం.

నేను కన్సల్టెన్సీ తరఫున క్లయింట్ దగ్గర పనిచేస్తున్నాను. క్లయింట్ కోడ్ వాడొచ్చా?

మనవాళ్లలో ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే, అందుకే దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను. మీ జీతం ఒక చిన్న కన్సల్టెన్సీ ఇస్తుంది, మధ్యలో ఒక వెండర్ ఉంటాడు, మీరు రోజూ వెళ్లేది ఒక పెద్ద బ్యాంకు ఆఫీసుకి. మీకు ఆ బ్యాంకు మెయిల్ ఐడీ ఉంది, మెడలో ఆ బ్యాంకు బ్యాడ్జ్ ఉంది. అయినా మీరు బ్యాంకు ఉద్యోగి కాదు. చాలా చోట్ల ఆ బ్యాడ్జ్ రంగే వేరు, కొన్నింటి మీద కాంట్రాక్టర్ అని రాసే ఉంటుంది. డెస్క్ దగ్గర దాన్ని చూపించారంటే మీకు అర్హత లేదని మీ చేత్తో మీరే చూపించినట్టు.

కొన్ని పెద్ద కంపెనీలు తమ పని మీద తిరిగే వెండర్ల మనుషులకి కూడా తమ రేటు వర్తించేలా హోటల్‌తో రాసుకుంటాయి. క్లయింట్ పని మీద, క్లయింట్ చెప్పిన ఊరికి వెళ్తూ, మీ మేనేజర్ ఫలానా కోడ్‌తో బుక్ చేసుకోండి అని రాతపూర్వకంగా చెబితే నిశ్చింతగా వాడండి. ఆ మెయిల్ ఫోన్‌లో పెట్టుకోండి. అదే కోడ్‌తో వీకెండ్‌కి కుటుంబంతో వెళ్లడం మాత్రం వద్దు. అక్కడ మీరు క్లయింట్ పని మీద లేరు, క్లయింట్ మనిషి కారు, అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. క్లయింట్ దగ్గర ఒక్క ఫిర్యాదు నమోదైతే వాళ్లు మిమ్మల్ని పిలిచి వివరణ అడగనక్కర్లేదు, వెండర్‌కి ఫోన్ చేసి మనిషిని మార్చమంటే సరిపోతుంది.

రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టులో ఉన్నాను. గవర్నమెంట్ రేటు వాడొచ్చా?

కాంట్రాక్టర్‌కి ఆ హక్కు దానంతట అది రాదు. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగుల ప్రయాణాలకి జీఎస్‌ఏ అనే సంస్థ ఊరిని బట్టి రోజువారీ పరిమితి ప్రకటిస్తుంది, హోటళ్ల గవర్నమెంట్ రేట్లు ఎక్కువగా దాన్ని అనుసరించే ఉంటాయి. కాంట్రాక్టర్లకి ఇవ్వాలా వద్దా అనేది హోటల్ ఇష్టం, ఇస్తే కూడా ఏజెన్సీ నుంచి లెటర్ అడగొచ్చు. ఈ రేటుకి ఐడీ అడగడం మిగతా వాటికంటే ఎక్కువ. ప్రభుత్వ ఉద్యోగిని కాకుండా అవునని చెప్పడం చిన్న విషయం కాదు, వీసా మీద ఉన్నవాళ్లు అసలు ఆ జోలికి వెళ్లొద్దు.

అమ్మానాన్నలు వచ్చారు. నా కోడ్‌తో వాళ్లకి గది బుక్ చేయొచ్చా?

మీరూ వాళ్లతో పాటు ఉంటూ, మీ పేరు మీద ఒక గది ఉండి, మీ కంపెనీ సొంత ప్రయాణాలకి ఒప్పుకుంటే మామూలుగా ఇబ్బంది ఉండదు. రెండో గదికి కూడా అదే రేటు వర్తిస్తుందా అని హోటల్‌కి ఫోన్ చేసి అడగండి. వాళ్లిద్దరినే టూర్ బస్సులో పంపించి, నాన్నగారి పేరు మీద కంపెనీ కోడ్‌తో బుక్ చేయడం మాత్రం దయచేసి వద్దు. డెస్క్‌లో అమ్మాయి ఇంగ్లీషులో గబగబా ఏదో అడుగుతుంది, నాన్నగారు పాస్‌పోర్ట్ చూపిస్తారు, ఆమె అడిగేది కంపెనీ ఐడీ. మీరు మీటింగ్‌లో ఉండి ఫోన్ ఎత్తకపోతే పరాయి దేశంలో ఆ లాబీలో సూట్‌కేసులతో నిలబడేది వాళ్లు. ఇరవై ముప్ఫై డాలర్ల కోసం పెద్దవాళ్లని ఆ పరిస్థితిలో పెట్టకూడదు. సీనియర్ రేట్లు ఉంటాయి, వయసు చూపిస్తే చాలు, అవి చూడండి.

నా కంపెనీకి ఇదంతా ఎలా తెలుస్తుంది?

అనుకున్నదానికంటే సులభంగా. ఏ కంపెనీ ఖాతా మీద ఎన్ని రాత్రులు అమ్ముడయ్యాయో హోటళ్లు లెక్క కడతాయి, మరుసటి ఏడాది బేరానికి ఆ లెక్కే ఆధారం. కంపెనీ ట్రావెల్ విభాగం దాన్ని తమ దగ్గరున్న ప్రయాణాల వివరాలతో పోల్చి చూస్తుంది. తమ ఆఫీసే లేని బీచ్ ఊళ్లో జులై నెలలో అన్ని రాత్రులు ఎవరివి అన్న ప్రశ్న వస్తుంది.

మన దేశంలో ఇంకో దారి ఉంది. కోడ్ ఉన్న బుకింగ్‌కి హోటల్ వాళ్లు అలవాటుగా కంపెనీ జీఎస్టీ నంబర్ వేసి బిల్లు కొట్టేస్తే, హోటల్ రిటర్న్ వేశాక ఆ బిల్లు కంపెనీ జీఎస్‌టీఆర్-2బీలో, అంటే ఆ నంబర్ మీద వచ్చిన బిల్లుల నెలవారీ పట్టికలో, కనిపిస్తుంది. వ్యక్తిగత వినియోగం మీద కట్టిన పన్నుకి కంపెనీ ఇన్‌పుట్ క్రెడిట్ (తను కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకోవడం) తీసుకోకూడదని జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ చెబుతుంది, కాబట్టి అకౌంట్స్ వాళ్లు ఇది ఎవరి బిల్లు అని అడగడం వాళ్ల డ్యూటీ. చెక్-అవుట్ అప్పుడు బిల్లు మీద ఎవరి పేరు, ఏ జీఎస్టీ నంబర్ ఉందో చూసుకుని, తప్పుంటే అక్కడే మార్పించుకోండి.

ఇంత చిన్న విషయానికి ఉద్యోగం తీసేస్తారా?

ఒక్కసారి పొరపాటున వాడితే మందలించి వదిలేసే కంపెనీలే ఎక్కువ. కోడ్‌ని బయటివాళ్లకి పంచడం, లేదా బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం వేరే సంగతి. కంపెనీ రహస్య సమాచారం బయటపెట్టడం, పదవిని సొంత లాభానికి వాడుకోవడం అనే పెద్ద మాటల కిందికి వస్తుంది, కంపెనీ ప్రవర్తనా నియమావళి (కోడ్ ఆఫ్ కండక్ట్)లో వాటికి ఉద్యోగం తీసేయడం దాకా ఉంటుంది.

అమెరికాలో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు ఈ లెక్క ఇంకోలా వేసుకోవాలి. ఉద్యోగం పోతే మీకు ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ గడువు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు అంతకంటే ముందే ముగిసిపోతే ఇంకా తక్కువ. ఆలోపు కొత్త ఎంప్లాయర్ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా సర్దుకుని బయల్దేరాలి. కారు లోను, పిల్లల స్కూలు, గ్రీన్ కార్డు క్యూ అన్నీ ఆ ఉద్యోగం మీదే నిలబడి ఉంటే, ఒక వీకెండ్ గది మీద మిగిలే డబ్బు కోసం దాన్ని పణంగా పెట్టకండి. మీ కోడ్ గ్రూపులో పెట్టే ముందు కూడా ఇదే గుర్తుంచుకోండి. ముక్కూమొహం తెలియని మనిషి దాన్ని ఎక్కడ వాడినా, లీక్ ఎక్కడ మొదలైందని వెతికితే ఆ స్క్రీన్‌షాట్‌లో ఉండేది మీ పేరు.

నా హోటల్ లాయల్టీ పాయింట్లు పోతాయా?

పోవచ్చు. అర్హత లేని రేటు వాడారని తేలితే ఆ బసకి పాయింట్లు ఆపడం, ఖాతాలో ఉన్నవి రద్దు చేయడం, ఖాతానే మూసేయడం లాంటి అధికారాలన్నీ లాయల్టీ ప్రోగ్రామ్‌ల నిబంధనల్లో హోటళ్లు తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన పాయింట్లున్న ఖాతాతో ఊరూపేరూ లేని కోడ్ వాడటం అసలు దండగ.

టెలిగ్రామ్‌లో కోడ్, ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ ఫారం అమ్ముతున్నారు. కొనొచ్చా?

వద్దు. హోటల్ గొలుసులు తమ ఉద్యోగుల బంధుమిత్రులకి ఇచ్చే రేటుకి ఒక ఫారం ఉంటుంది, దాని మీద ఆ ఉద్యోగి పేరు ఉంటుంది, చెక్-ఇన్ అప్పుడు అది చూపాలి. దాన్ని అమ్మడం నిషేధం, దొరికితే ఆ ఉద్యోగి ఉద్యోగం పోతుంది, మీ బుకింగ్ పోతుంది. కొన్నిసార్లు ఆ ఫారమే ఫోర్జరీ. ఇంకా ప్రమాదం, "మీకెందుకు సార్, నేనే బుక్ చేసి పెడతా, సగం రేటు పంపండి" అనే రకం. దొంగిలించిన కార్డుతో గది బుక్ చేసి, మీ దగ్గర యూపీఐలో డబ్బు లాక్కుంటారు. అసలు కార్డు మనిషి ఫిర్యాదు చేసేసరికి ఆ గదిలో ఉండేది మీరు, రిజిస్టర్‌లో ఉండేది మీ ఆధార్. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

తిరుమల గదుల పేరుతో కూడా ఇలాంటి మెసేజ్‌లు తిరుగుతుంటాయి. టీటీడీ గదులకి కార్పొరేట్ కోడ్ అనేదే లేదు. టీటీడీ అధికారిక వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవడం, లేదా కొండ మీద గదులు కేటాయించే సీఆర్‌ఓ (సెంట్రల్ రిసెప్షన్) ఆఫీసులో రిజిస్టర్ చేసుకోవడం, సామాన్య భక్తులకి అవే ముఖ్యమైన దారులు.

ఇది చట్టరీత్యా నేరమా?

ఒక్క రాత్రి గదికి హోటల్ పోలీసుల దాకా వెళ్లడం మామూలుగా జరగదు, తేడా వసూలు చేసుకుని వదిలేస్తారు. కానీ నకిలీ ఐడీ కార్డు తయారుచేసి చూపించినా, వేరే మనిషిగా నటించినా విషయం మారిపోతుంది. మన దేశంలో మోసానికి, మారువేషంతో చేసే మోసానికి భారతీయ న్యాయ సంహితలో 318, 319 సెక్షన్లు ఉన్నాయి. అదే పని కంప్యూటర్ ద్వారా చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఐడీ అడిగితే లేదని చెప్పి పూర్తి రేటు కట్టేయండి. ఫోటోషాప్ చేసిన కార్డు మాత్రం ఎప్పుడూ తీయకండి.

బుక్ చేసినప్పుడు ఉద్యోగంలో ఉన్నాను, ఇప్పుడు లేఆఫ్ అయ్యాను. ఏం చేయాలి?

హోటల్ చూసేది మీరు దిగే రోజు అర్హతని. హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. బుకింగ్ అలాగే ఉంచేవాళ్లు ఉంటారు, మెంబర్ రేటుకి మార్చేవాళ్లు ఉంటారు. పోయిన ఉద్యోగం బ్యాడ్జ్ చూపించడం మాత్రం సరికాదు.

పెళ్లికి పాతిక గదులు కావాలి, మా బావగారి కంపెనీ కోడ్ ఉంది...

వద్దండీ. సాధారణంగా పది గదులు దాటితే హోటళ్లు దాన్ని గ్రూప్ బుకింగ్‌గానే చూస్తాయి. ఒక్కొక్కళ్లు విడివిడిగా కోడ్‌తో బుక్ చేసుకుంటే ముహూర్తానికి ముందు రోజు సేల్స్ మేనేజర్ గమనించి అన్నీ ఆపితే ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందు మాట పోతుంది. సేల్స్ వాళ్లతో నేరుగా కూర్చుని మాట్లాడండి. టిఫిన్ కలిపి, ఒకట్రెండు గదులు ఉచితంగా ఇచ్చి, ఆ కోడ్ కంటే మంచి రేటే చెప్పొచ్చు.

మరి తక్కువ రేటుకి సరైన దారి ఏది?

ముందు ఆ గొలుసులో ఉచిత మెంబర్‌షిప్ తీసుకుని మెంబర్ రేటు చూడండి. వీకెండ్‌లో బిజినెస్ హోటళ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి చాలాసార్లు మామూలు రేటే కంపెనీ స్థిర రేటు కంటే తక్కువ ఉంటుంది, ఇది పోల్చి చూడకుండానే కోడ్ కొట్టేస్తారు చాలామంది. అమెరికాలో కారుంటే ట్రిపుల్-ఏ (కారున్నవాళ్ల సంఘం) సభ్యత్వం చూడండి, దాని హోటల్ తగ్గింపు కార్డు ఉన్న ఎవరికైనా న్యాయంగా వస్తుంది. మీ కంపెనీ ఉద్యోగుల డిస్కౌంట్ పోర్టల్‌లో విహారయాత్రల కోసమే పెట్టిన ఆఫర్లు ఉండొచ్చు. మన దగ్గర బ్యాంకు కార్డు ఆఫర్లున్నాయి. రెండు మూడు రాత్రులుండేట్టయితే హోటల్‌కే ఫోన్ చేసి అడగండి, సైట్లకి ఇచ్చే కమీషన్ మిగులుతుంది కాబట్టి ఎంతోకొంత తగ్గిస్తారు.

అర్హత లేని కోడ్‌తో ఇప్పటికే బుక్ చేసేశాను. ఇప్పుడేం చేయాలి?

కన్ఫర్మేషన్ మెయిల్ తెరిచి ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. అందులో రాసేది హోటల్ ఉన్న ఊరి టైము, ఇది మర్చిపోవద్దు. గడువు ఉంటే ముందు మెంబర్ రేటుకి ఇంకో గది బుక్ చేసి, అది ఖాయమయ్యాక పాతది క్యాన్సిల్ చేయండి. వరస తిరగేస్తే ఉన్న గదీ పోవచ్చు. గడువు దాటిపోతే సెంట్రల్ కస్టమర్ కేర్‌కి కాకుండా ఆ హోటల్ ఫ్రంట్ డెస్క్‌కే, వాళ్లకి రద్దీ లేని మధ్యాహ్నం పూట ఫోన్ చేయండి. నాకు ఈ రేటుకి అర్హత లేదని ఇప్పుడే చూసుకున్నాను, మామూలు రేటుకి మార్చండి అని అడగండి. మార్చాక కొత్త రేటుతో ఇంకో మెయిల్ పంపమని చెప్పి, అది వచ్చేదాకా ఫోన్ పెట్టేయకండి.